మీ పిల్లల చెట్టు పుస్తకం: వేసవి సెలవుల్లో ఆగిపోకుండా చూడండి

ఇది ఎవరి కోసం: ప్రభుత్వ బడుల్లో పిల్లల్ని చదివిస్తున్న తల్లిదండ్రుల కోసం. తల్లికి వందనం, మధ్యాహ్న బడి భోజనం లాంటి పథకాల లబ్ధిదారులు మా ఆఫీసుకు ఫోన్ చేసినప్పుడు, గ్రామ సభల్లో కలిసినప్పుడు అడిగిన సందేహాలకు ఇందులో జవాబులున్నాయి. నెమ్మదిగా చదవండి. చదవడం రాని అమ్మలకు, అవ్వలకు పిల్లల చేతే చదివించండి.

ముందుగా నాలుగు ముక్కల్లో

• కొన్ని బడుల్లో ఎకో క్లబ్ తరఫున పిల్లలు ఒక చెట్టును ఎంచుకుని, వారానికోసారి చూసి, ఆకు, పూత, కాయ ఎలా ఉన్నాయో పుస్తకంలో రాస్తున్నారు. పక్కనే వాన, ఎండ వివరాలు రాస్తున్నారు.
• దీనికి మీరు పైసా కట్టక్కర్లేదు. రాయకపోతే ఏ పథకం డబ్బూ ఆగదు.
• బడి ఉన్నన్నాళ్లు బాగానే సాగుతుంది. వేసవి సెలవులు రాగానే ఆగిపోతుంది. చెట్లలో ఎక్కువ మార్పు వచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే.
• అందుకే ఈ పనిలో మీ సాయం కావాలి. వారానికి ఐదు నిమిషాలు చాలు.

అసలు ఏమిటీ పని?

వాతావరణం మారితే మొక్క ఎదుగుదల ఎలా మారుతుందో పిల్లలు తమ కళ్లతో చూసి రాయడమే ఈ పని. చిగురు ఎప్పుడు వచ్చింది, మొగ్గ ఎప్పుడు కనబడింది, పూత ఎన్నాళ్లు నిలిచింది, కాయ ఎప్పుడు పండింది, ఆకు ఎప్పుడు రాలింది అన్నవి తేదీతో సహా రాస్తారు.

ఇలా మామూలు జనం, బడి పిల్లలు చూసి రాసిన వివరాలను శాస్త్రవేత్తలు వాడుకోవడాన్ని పౌర విజ్ఞానం అంటున్నారు. పేరు కొత్తది గానీ పద్ధతి పాతదే. జపాన్‌లోని క్యోటో నగరంలో చెర్రీ చెట్లు ఎప్పుడు పూశాయో 9వ శతాబ్దం నుంచి రాజులు, గురువులు తమ దినచర్య పుస్తకాల్లో రాసి పెట్టారు. వాళ్లు వాతావరణం కోసం రాయలేదు, పూల పండగ కోసం రాసుకున్నారు. అయినా ఆ తేదీలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే 2021 మార్చి 26న వచ్చిన నిండు పూత అప్పటిదాకా ఉన్న 1200 ఏళ్ల లెక్కలో అన్నింటికన్నా ముందొచ్చిన పూత అని తేలింది. రాసి పెట్టినందువల్లే ఆ సంగతి బయటపడింది.

మన దేశంలో ఇలాంటి పనికి సీజన్‌వాచ్ అనే కార్యక్రమం ఉంది. బెంగళూరులోని జాతీయ జీవ విజ్ఞాన కేంద్రం, నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ కలిసి 2010 ప్రాంతంలో దీన్ని మొదలుపెట్టాయి. ఎవరైనా ఉచితంగా చేరొచ్చు. ఇందులో వచ్చిన వివరాల్లో పెద్ద భాగం కేరళ బడి పిల్లలు రాసినవే. అక్కడ మాతృభూమి పత్రిక నడిపే సీడ్ కార్యక్రమం ద్వారా బడులు చేరాయి. మనం రేల చెట్టు అనేదాన్ని వాళ్లు కణికొన్న అంటారు. ఏప్రిల్ మధ్యలో వచ్చే విషు పండగకు ఆ పసుపు పూలు ఉండి తీరాలి. కానీ పండగ రోజులకే కాకుండా వేరే నెలల్లో కూడా కొన్న పూస్తున్నట్టు పిల్లల పుస్తకాల్లో నమోదైంది. పెద్దవాళ్లు నోటితో అనుకునే మాటకు అక్కడ తేదీ దొరికింది.

"ఇదంతా మాకు తెలిసిందే కదా" అంటారా?

నిజమే. చెట్టు గురించి మీకు తెలిసినంత నాకు తెలీదు. కానీ ఒక చిన్న లెక్క చూడండి.

మన ఇళ్లల్లో వేపపూత అనగానే ఉగాది పచ్చడి గుర్తొస్తుంది. "ఈసారి ఉగాదికి పూత బాగుంది", "ఈసారి పండక్కి పూతంతా రాలిపోయింది" అని చెప్పుకుంటాం. అయితే ఉగాది ఏటా ఒకే తేదీన రాదు. 2024లో ఏప్రిల్ 9న వచ్చింది. 2025లో మార్చి 30. 2026లో మార్చి 19. రెండేళ్లలో పండగే 21 రోజులు ముందుకు జరిగింది.

మీ వాకిట్లో వేపచెట్టు ఏటా మార్చి 10నే పూసిందనుకోండి. 2024లో పండగ నాటికి పూత వచ్చి 30 రోజులు. చాలావరకు రాలిపోయి ఉంటుంది. 2026లో పండగ నాటికి 9 రోజులే. కొమ్మ నిండా పూత ఉంటుంది. చెట్టు ఏమీ మారలేదు, పండగ మారింది. కానీ మనకేమో చెట్టే మారినట్టు అనిపిస్తుంది. పూత నిజంగా ముందుకు జరుగుతోందా అన్నది తెలియాలంటే క్యాలెండర్ తేదీ కావాలి. పండగ సరిపోదు.

ఇంకో మాట. మన రైతుల కార్తెలు మాత్రం ఈ విషయంలో గట్టి కొలతే. కార్తెలు సూర్యుడి లెక్క ప్రకారం వస్తాయి కాబట్టి రోహిణి కార్తె ఏటా మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో వస్తాయి. ఒకరోజు అటూ ఇటూ, అంతే. మీ ఇంట్లో తాతగారు "మా చిన్నప్పుడు రోహిణికి వేపపండ్లు రాలేవి" అంటే ఆ మాట పిల్లల చేత రాయించండి. పుస్తకం చివర ఒక పేజీ దీనికే ఉంచుకోమనండి. పెద్దల జ్ఞాపకానికి, ఇప్పటి తేదీకి మధ్య తేడా ఎంతో పిల్లలే చూసుకుంటారు.

వాతావరణం మొక్కను ఎలా మారుస్తుంది?

పిల్లలు ఇంటికొచ్చి అడిగితే చెప్పడానికి వీలుగా మూడు విషయాలు.

1. చలి. మామిడి చెట్టు పూతకు రావాలంటే చలికాలంలో రాత్రులు చల్లగా ఉండాలి, నేల కాస్త ఆరాలి. ఆ సమయంలో అకాల వాన పడినా, రాత్రులు వెచ్చగా ఉన్నా కొమ్మ చివర పూతకు బదులు ఆకు చిగురు వస్తుంది. పూత వచ్చాక మబ్బు, పొగమంచు పట్టుకుంటే తేనెమంచు పురుగు, బూడిద తెగులు పెరుగుతాయి. చెట్టు పుస్తకంలో "మొగ్గ", "చిగురు" అని వేర్వేరు గళ్లు ఉండేది ఇందుకే.

2. వేడి. మొక్క రోజుల్ని కాదు, వేడిని లెక్కపెట్టుకుంటుంది. చాలా పంటలకు సుమారు 10 డిగ్రీల కంటే తక్కువ ఉంటే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. ఆ పైన ఉన్న వేడే లెక్కలోకి వస్తుంది. పగలు 34 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు అయితే సగటు 29. అందులోంచి 10 తీసేస్తే 19. ఆ రోజు మొక్క ఖాతాలో 19 పడ్డాయన్నమాట. ఇలా రోజురోజుకూ కూడుకుంటూ పోతే ఒక మొత్తం దగ్గర పూత, ఇంకో మొత్తం దగ్గర కోత వస్తాయి. ఎండలు ముందుగా ముదిరితే ఆ మొత్తం ముందే నిండుతుంది. పంట తొందరగా పక్వానికి వస్తుంది, గింజ నిండడానికి టైమ్ తగ్గుతుంది. అయితే వేడి ఎంత ఉంటే అంత మంచిదని కాదు. మరీ ముదిరితే పూత రాలిపోతుంది, పుప్పొడి పాడవుతుంది.

3. నీరు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు. ఎకరం నేల మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు లక్ష లీటర్లు పడ్డట్టు. ఈ లెక్క మీ పిల్లల చేత చేయించి చూడండి. మన పొలం మీద ఎన్ని ట్యాంకర్లు పడ్డాయో వాళ్లే చెబుతారు. వాన పడిన మర్నాడే చెట్టులో మార్పు కనబడదు. కొన్ని చెట్లు వారంలో చిగురిస్తాయి, కొన్నింటికి నెల పడుతుంది. వానను, చెట్టును ఒకే పుస్తకంలో రాయించేది అందుకే.

పుస్తకం ఎలా రాయాలి?

చెట్టు ఎంపిక. బడి ఆవరణలో చెట్టు కన్నా ఇంటికి దగ్గర్లో ఉన్న చెట్టు మేలు. సెలవుల్లో కూడా చూడొచ్చు. వేప, మామిడి, చింత, రేల, కానుగ, తురాయి ఏదైనా సరే. ఒకసారి ఎంచుకుంటే ఎప్పుడూ ఆ చెట్టే. "ఈ వారం ఆ చెట్టు బాగుంది, అది రాద్దాం" అంటే కుదరదు. గుర్తుకు కొమ్మకు గుడ్డపేలిక వదులుగా కట్టండి. మేకులు కొట్టకండి.

రోజు. వారంలో ఒకే రోజు పెట్టుకోండి. ఆదివారం పొద్దున అయితే సులువు.

ఏం రాయాలి. లేత ఆకు, ముదురు ఆకు, మొగ్గ, విచ్చిన పువ్వు, పచ్చికాయ, పండు. ఈ ఆరింటికీ ఎదురుగా మూడే జవాబులు: లేదు, కొద్దిగా, ఎక్కువ. చెట్టులో మూడో వంతు కన్నా తక్కువ కనిపిస్తే కొద్దిగా, అంతకు మించితే ఎక్కువ. పువ్వుల్ని లెక్కపెట్టాల్సిన పని లేదు.

వాన. పక్కలు నిట్టనిలువుగా ఉన్న ప్లాస్టిక్ సీసా తీసుకుని పైభాగం కోసి, దాన్ని తిరగేసి గరాటులా అందులోనే పెట్టండి. అడుగు వంపుగా ఉంటుంది కాబట్టి నిలువు భాగం మొదలయ్యే దాకా నీళ్లు పోసి అక్కడ సున్నా గీత గీయండి. ఆ గీత నుంచి పైకి స్కేలుతో మిల్లీమీటర్లు గుర్తించండి. పొద్దున 8.30కి చూసి రాయాలి. వాతావరణ శాఖ వాళ్లు కూడా ఆ టైముకే చూస్తారు. చూశాక సున్నా గీత దాకా మళ్లీ నీళ్లు ఉంచండి.

సీసా ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. దగ్గర్లో ఉన్న చెట్టు, గోడ ఎంత ఎత్తుంటే దానికి రెట్టింపు దూరంలో పెట్టాలి. నేను మొదటిసారి మా ఇంటి దగ్గర పెట్టినప్పుడు రేకు చూరు పక్కనే పెట్టాను. ఒక్క రాత్రిలో సీసా నిండిపోయింది. ఊళ్లో కుంభవృష్టి అనుకుని నలుగురికీ చెప్పాను. తీరా చూస్తే అది రేకు మీద నుంచి కారిన నీళ్లు. డిగ్రీ చదివినవాళ్లకీ తప్పులు జరుగుతాయి, మీ పిల్లలు తప్పు చేస్తే కోప్పడకండి.

ఎండ. థర్మామీటరు కొనక్కర్లేదు. ఫోన్‌లో మేఘదూత్ యాప్ పెట్టుకుంటే మన జిల్లా వాతావరణం, పంట సలహాలు తెలుగులో వస్తాయి. అందులో చూసి రాసుకోవచ్చు.

కుండీలో చిన్న పరీక్ష

చెట్టు నెమ్మది. చిన్న పిల్లలకు అంత ఓపిక ఉండదు. వాళ్ల కోసం రెండు పాత డబ్బాల్లో ఒకే మట్టి పోసి, ఒక్కో దాంట్లో పది మెంతులు వేయించండి. రెండింటికీ ఒకే గ్లాసుతో అన్నే నీళ్లు. ఒకటి ఎండలో, ఒకటి ఇంట్లో చీకటి మూల. మూడు రోజులకోసారి స్కేలుతో ఎత్తు కొలవాలి.

వారం, పది రోజులకు పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చి "అమ్మా, చీకట్లో మొక్కే ఎత్తుగా ఉంది" అంటారు. తప్పు కొలిచారని తిట్టకండి. అది నిజమే. వెలుతురు లేని మొక్క వెలుతురు కోసం వెతుక్కుంటూ సన్నగా, పాలిపోయి పొడుగు సాగుతుంది. కాండం బలం ఉండదు, కొన్నాళ్లకు వాలిపోతుంది. ఎత్తు ఒక్కటే ఎదుగుదల కాదని పిల్లలకు ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. ఎత్తుతో పాటు రంగు, ఆకుల సంఖ్య కూడా రాయించండి.

ఇక్కడ ఒకే నియమం: ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఎండా మార్చి, నీళ్లూ మారిస్తే ఏది దేనివల్ల జరిగిందో చెప్పలేం. బడిలో పోషకాహార తోట ఉంటే తోటకూర, బెండ మీద కూడా ఇదే పద్ధతిలో చేయొచ్చు. ఆ తోటలు మధ్యాహ్న భోజనానికి కాస్త తాజా కూర అందించడానికి పెట్టినవి. పిల్లలకు అవే ప్రయోగశాల అవుతాయి.

సెలవుల సమస్య

అసలు సంగతి ఇది. ఏప్రిల్ చివరి వారంలో సెలవులు ఇస్తారు, జూన్ రెండో వారంలో బడి తెరుస్తారు. ఆ ఏడు వారాల్లో రేల చెట్టు పసుపు గుత్తులు వేస్తుంది. తురాయి ఎర్రగా పూస్తుంది. మామిడి పండుతుంది. వేపకాయ పండు అవుతుంది. చింత కొత్త పూతకు వస్తుంది. తొలకరి పడి బీడు నేల చిగురిస్తుంది. ఏడాదిలో చెట్టు ఎక్కువ మాట్లాడే రోజులవి. సరిగ్గా అప్పుడే చాలా పుస్తకాల్లో ఏడు పేజీలు ఖాళీ.

పిల్లలు అమ్మమ్మగారింటికి వెళ్తారు. కొందరు తల్లిదండ్రులతో పనులకు వేరే ఊళ్లకు వెళ్తారు. అది ఎవరి తప్పూ కాదు. కానీ చెట్టు ఇక్కడే ఉంటుంది కదా. ఇంట్లో ఎవరు ఉంటే వాళ్లు చూడండి. ఆరు గళ్లలో టిక్ పెట్టడానికి చదువు అక్కర్లేదు. వాకిలి ఊడ్చేటప్పుడు రాలిన పువ్వు ముందు కనబడేది మీకే. రాయడం ఇబ్బందైతే ప్రతి ఆదివారం చెట్టును ఒకే చోట నిలబడి ఫోటో తీయండి. బడి తెరిచాక పిల్లలు ఫోటోలు చూసి రాసుకుంటారు. ఫోటోకు తేదీ ఫోనే పెడుతుంది.

ఒక్క మనవి. ఖాళీ పేజీని ఖాళీగానే వదిలేయండి. బడి తెరిచే ముందు రోజు రాత్రి కూర్చుని ఏడు వారాలూ ఒకేసారి ఊహించి నింపించకండి. మార్కులు పోతాయేమో, టీచర్ తిడతారేమో అని పిల్లలు భయపడతారు. అమ్మానాన్నలు కూడా సాయం చేద్దామని నింపేస్తారు. చూడని వారం ఖాళీగా ఉంటే అది నిజాయతీ. ఊహించి రాస్తే దాని పక్కన నిజంగా చూసి రాసిన పేజీల విలువ కూడా పోతుంది. టీచర్లకు కూడా ఇదే విన్నపం: ఖాళీ గడికి మార్కులు కోయకండి. చూసి "లేదు" అని రాయడం కూడా విలువైన సమాచారమే. పూత రాలేదన్న సంగతి కూడా ఎవరో ఒకరు రాయాలి.

దీనివల్ల మనకేంటి లాభం?

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఈ పుస్తకం వల్ల మీ ఖాతాలో డబ్బు పడదు. ఒక్క ఏడాది రాస్తే వాతావరణం మారిందని తేల్చలేం. వాతావరణ సగటు లెక్కించడానికి శాస్త్రవేత్తలు 30 ఏళ్ల వివరాలు తీసుకుంటారు. మరి ఎందుకు రాయడం?

2021లో తెలంగాణ జిల్లాల్లో వేపచెట్లు కొమ్మ చివర్ల నుంచి ఎండుకుంటూ వచ్చాయి. మొదట జనం చాలా కంగారుపడ్డారు. అది శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులని శాస్త్రవేత్తలు చెప్పారు. తర్వాత చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. అప్పట్లో ఊరూరా ఒక పిల్లాడి పుస్తకం ఉండి ఉంటే మొదట ఎక్కడ ఎండింది, ఏ వారంలో, అంతకు ముందు వాన ఎంత, ఎప్పుడు కోలుకుంది అన్నవి ఊరి వారీగా తెలిసేవి. తెగులు వచ్చాక పరుగెత్తడం కన్నా వచ్చిన వారమే తెలియడం మేలు కదా.

మామిడి రైతుకు సంగతి ఇంకా దగ్గరిది. నూజివీడు వైపు మామిడి ముందు వస్తుంది, చిత్తూరు వైపు తోతాపురి ఆలస్యంగా వస్తుంది. టీవీలో చెప్పే ఒకే మాట రెండు చోట్లకూ సరిపోదు. మన తోటలో మొగ్గ ఏ వారంలో వచ్చింది, ఆ ముందు రాత్రులు ఎలా ఉన్నాయి అన్నది నాలుగైదేళ్లు రాసుకుంటే మందు ఎప్పుడు కొట్టాలి, నీళ్లు ఎప్పుడు ఆపాలి అని రైతు సేవా కేంద్రంలో అడిగేటప్పుడు చేతిలో ఒక లెక్క ఉంటుంది. ఆరో తరగతిలో మొదలుపెట్టిన పిల్ల పదో తరగతి పూర్తి చేసేసరికి ఐదేళ్ల పుస్తకం తయారవుతుంది. తర్వాత దాన్ని తమ్ముడికో, చెల్లికో, బడిలో చిన్న తరగతి వాళ్లకో అప్పగించమనండి. చెట్టు మారకూడదు, రాసే చెయ్యి మారొచ్చు.

తరచుగా అడిగే ప్రశ్నలు

మా పాప ఇందులో చేరకపోతే తల్లికి వందనం డబ్బు ఆగుతుందా?
ఆగదు. 75 శాతం హాజరు లాంటి అర్హత నిబంధనలు వేరు, చెట్టు పుస్తకం వేరు. ఎవరైనా రెండింటికీ ముడిపెట్టి చెబితే హెచ్‌ఎం గారిని, గ్రామ సచివాలయాన్ని అడగండి.

ఆధార్, బ్యాంకు వివరాలు, ఓటీపీ ఇవ్వాలా?
వద్దు. చెట్టు చూడటానికి ఓటీపీతో పని లేదు. ఈ పేరు చెప్పి ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే అది మోసమే. వెంటనే 1930కి ఫోన్ చేయండి.

చదువు పాడవుతుందేమో?
వారానికి పది నిమిషాలు దాటదు. సైన్సులో మొక్కల పాఠం, లెక్కల్లో సగటు, గ్రాఫు పాఠం ఇందులోనే ఉన్నాయి. కానీ ఈ పేరుతో పిల్లల చేత బడి తోటలో గంటల తరబడి పని చేయిస్తుంటే మీరు తప్పకుండా అడగాలి. చూడటం, కొలవడం, రాయడం వాళ్ల పని. తవ్వకం, మోత కాదు.

పిల్లల ఫోటోలు పెడతారా?
చెట్టు ఫోటో చాలు. పిల్లల ముఖం, ఇంటి చిరునామా అక్కర్లేదు. మీకు ఇష్టం లేకపోతే వద్దని చెప్పండి.

వడగళ్లకు పంట పోయింది. పిల్లల పుస్తకం చూపిస్తే బీమా వస్తుందా?
రాదు. ఆ పుస్తకం బీమాకు సాక్ష్యం కాదు. ప్రధానమంత్రి ఫసల్ బీమా కింద నమోదైన పంటకు వడగళ్లు, ముంపు లాంటి నష్టం జరిగితే 72 గంటల్లోపు 14447కి తెలియజేయాలి. ఆ గడువు దాటనివ్వకండి. పంట సలహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

మా బడిలో ఇది లేదు. ఏం చేయాలి?
హెచ్‌ఎం గారిని, ఎకో క్లబ్ టీచర్‌ను అడగండి. బడిలో మొదలయ్యేదాకా ఆగక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, ఒక చెట్టు ఉంటే ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు.

జాగ్రత్తలు

• ఎండాకాలం పొద్దున 9 లోపే చూసి వచ్చేయాలి. మధ్యాహ్నం పంపకండి.
• పిడుగుల వాన పడుతుంటే సీసా దగ్గరికి, చెట్టు కిందికి వెళ్లకూడదు. పూర్తిగా తగ్గాకే వెళ్లాలి. దామిని యాప్ పిడుగుల హెచ్చరిక ఇస్తుంది.
• చెట్టు ఎక్కకూడదు. కింద నుంచి కనిపించినంతే రాయాలి.
• గడ్డి, పొదలు ఉన్నచోట చెప్పులు వేసుకుని, కర్రతో చప్పుడు చేస్తూ వెళ్లాలి. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టడం చేయొద్దు. కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.
• వాన సీసాలో నీళ్లు రోజుల తరబడి వదిలేస్తే దోమలు పెరుగుతాయి. వారానికోసారి కడిగి నీళ్లు మార్చండి.

ఈ ఆదివారం చేయాల్సింది

పిల్లల పక్కన నిలబడి "మన చెట్టు ఏది?" అని అడగండి. ఏదో ఒకటి చూపిస్తారు. మొదటి పేజీలో చెట్టు పేరు, ఊరు, తేదీ రాయించండి. కింద ఆరు గళ్లు గీయించి టిక్‌లు పెట్టించండి. మీకు ఆ చెట్టు గురించి గుర్తున్న ఒక మాట, ఎవరు నాటారో, ఏ ఏడు బాగా కాసిందో చెప్పి, చివరి పేజీలో రాయించండి. పుస్తకం మొదలైనట్టే.

సెలవులకు ఊరెళ్లేటప్పుడు ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకండి. ఇంట్లో ఉండే అవ్వ చేతికో, పక్కింటి వాళ్ల చేతికో ఇచ్చి వెళ్లండి.